చెరువు నాచు – గడ్డిచేప

ఊరి చెరువు నిండినదన్న మాట విని సంతోషింపని పల్లె లేదు. కాని ఆ సంతోషము వెంబడి ఒక చింత కూడ వచ్చును. నీరు నిలిచిన రెండు మూడు నెలలకే అడుగునుండి నాచుతీగలు పైకి లేచును. తూమునోట చేరి నీటిని అడ్డగించును. వల విసరిన జాలరికి చేపలకు బదులు పాచిముద్దలు చిక్కును. ఈతకు దిగిన పిల్లవాని కాళ్ళకు ఆ తీగలు చుట్టుకొనును. ఊరివారందరు ఒకనాడు చెరువులో దిగి, నాచు లాగి గట్టున కుప్పలు పోసినను, నీటిలో మిగిలిన ముక్క ప్రతిదియు మరల చిగురించును. కొన్నినాళ్ళకే చెరువు ఎప్పటివలె అగును.

ఇట్టి చెరువులను గూర్చి ముచ్చటించునప్పుడు శ్రోతలు మమ్ము అడుగు ప్రశ్న ఒకటి కలదు. "గడ్డి మేయు చేప ఉన్నదట. దానిని వదలినచో ఈ నాచు పీడ వదలునా?" అని. వదలునని చెప్పవచ్చును, వదలదని కూడ చెప్పవచ్చును, అంతకన్న పెద్ద పీడ తగులుకొనవచ్చునని కూడ చెప్పవచ్చును. ఈ మూడు సమాధానములును ఎట్లు నిజమగునో తెలియవలెనన్న, వేయి సంవత్సరములకు పైబడిన ఒక చరిత్రను తిరుగవేయవలసి యున్నది. నేడు మా పాఠకులతో కలిసి ఆ పని చేయదలచితిమి.

ముందుగా ఈ చేప ఎట్టిదో తెలిసికొందము. ఉత్తరమున ఆమూరు నది మొదలుకొని దక్షిణమున చైనా నదులవరకు దీని పుట్టినిల్లు. చైనావారు దీనిని త్సావో యూ అందురు. త్సావో అనగా గడ్డి. యూ అనగా చేప. కావున మనవారు గడ్డిచేప అనుట సరిగా ఆ పేరునకు తెలుగే అయినది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు టీనోఫారింగోడాన్ ఇడెల్లా. అందలి మొదటి మాటకు దువ్వెనవంటి గొంతుపండ్లు గలదని అర్థము. ఈ చేప దవడలలో పండ్లు లేవు. గొంతులో, రంపపు అంచువలె గాళ్ళుపడిన పండ్లు రెండు వరుసలుగా ఉండును. నాచును పెదవులతో పట్టి, లాగి, ఈ పండ్లమధ్య కోసి నలిపి మ్రింగును. నీరు వెచ్చగా ఉన్న దినములలో ఎదుగుచున్న గడ్డిచేప ఒక్కరోజున తన బరువంత పచ్చిమేత మేయగలదు. బాగుగ పెరిగినచో ముప్పది కిలోలు దాటిన చేపలు కూడ ఉండును.

ఇంత మేసినను అది జీర్ణించుకొనునది కొంతయే. ఆవువలె నెమరువేయు ఏర్పాటు దీనికి లేదు. గడ్డి తిను జంతువునకు ఉండదగినంత పొడవైన ప్రేగును లేదు. గొంతుపండ్ల క్రింద నలిగిన కణముల సారమును మాత్రము గ్రహించి, మేసినదానిలో సుమారు సగమును మరల నీటిలోనికే విడుచును. ఈ సంగతిని మన పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మేలు కీడులు రెండును ఇందులోనుండియే వచ్చును.

ఇక చరిత్రకు వత్తము. చైనాను థాంగ్ వంశపు రాజులు ఏలిన కాలము ముగియవచ్చుచున్న రోజులలో, అనగా క్రీ. శ. 9వ శతాబ్ది చివరి భాగమున, ల్యూ షున్ అను ఉద్యోగి దక్షిణాదిన, నేటి క్వాంగ్‌టుంగ్ ప్రాంతమున, కొలువు చేసెను. ఉత్తరదేశపు వారికి కొత్తగా తోచు అక్కడి ఆచారములను, వింతలను ఆయన ఒక గ్రంథముగా వ్రాసిపెట్టెను. అందొక చోట కొండప్రాంతపు రైతుల పద్ధతి కనబడును. వారు బీడునేలను త్రవ్వి మడులుగా కట్టుదురు. వసంతపు వానకు ఆ మడులలో నీరు నిలుచును. అంతట గడ్డిచేప పిల్లలను కొని తెచ్చి అందులో వదలుదురు. ఒకటి రెండు సంవత్సరములలో చేపలు పెరిగి, గడ్డిని వేళ్ళతో కూడ తినివేయును. చేపలు అమ్మిన డబ్బు వచ్చును, పొలమును సిద్ధమగును. అటుపిమ్మట వరి వేసిన కలుపు మొలవదు. జనులను పోషించుటకు ఇది మేలైన ఉపాయమని ఆ ఉద్యోగి మెచ్చుకొనెను.

కలుపును చంపుటకు చేపను పనిలో పెట్టిన ముచ్చట ఇంత స్పష్టముగా చెప్పిన పాతవ్రాతలు అరుదు. మేము దీనిని చదివినప్పుడు మమ్మాకర్షించినది చేప తిండికాదు, ఆ రైతు నడచిన వరుస. ఎన్ని పిల్లలు కావలెనో అన్నియే ఆతడు కొనెను. నాలుగువైపుల గట్టున్న మడిలో వదలెను. ఒకటి రెండేండ్లు గడువిచ్చెను. గడ్డి తీరగానే చేపలను పట్టివేసి, ఆ తరువాతనే వరి వేసెను. ఏలయన గడ్డిచేపకు కలుపు వేరు, పైరు వేరు అను భేదము తెలియదు. లేతవరిని కూడ అది కలుపువలెనే మేయును. ఆ భేదమును తెలిసినవాడు రైతు. పని అయిన పిమ్మట చేపను ఉంచలేదు.

చైనాలో చేపల పెంపకమునకు ఇంతకన్న పాతపేరు కలదు. క్రీ. పూ. 5వ శతాబ్దివాడని చెప్పు ఫాన్ లీ పేరిట ఒక చిన్న గ్రంథము ప్రచారములో నున్నది. అందు చెప్పినది మనవారు బంగారుతీగ అను చేపను గూర్చి. చైనాభాషలో ఆ చేపపేరు లీ అని పలుకును. థాంగ్ రాజుల ఇంటిపేరు కూడ లీ యే. రాజుపేరు గల చేపను పట్టుట, కోయుట అపచారముగా నెంచి 8వ శతాబ్దిలో దానిని పట్టరాదని ఆజ్ఞలు వెలువడెను. ఆ నిషేధమువలననే జనులు తక్కిన చేపలవైపు మళ్ళిరని అక్కడ తరతరములుగా చెప్పుకొందురు. కథలో నిజమెంత యున్నను, తరువాతి శతాబ్దములలో నాలుగు చేపలు చైనా చెరువులలో కుదురుకొనెను. అవి గడ్డిచేప, వెండిచేప, పెద్దతల చేప, నత్తలను తిను నల్లచేప. ఈ నాలుగింటిని కలిపి నాలుగు గొప్ప పెంపుడు చేపలని నేటికిని అందురు.

ఈ నాలుగింటి కాపురము ఉమ్మడికుటుంబము వంటిది. గట్టునుండి వేసిన గడ్డిని గడ్డిచేప మేయును. అది సగము జీర్ణించి విడిచినది చెరువునకు ఎరువగును. ఆ ఎరువుతో కంటికి కనబడని సూక్ష్మమైన మొక్కలు, పురుగులు నీటిలో వృద్ధియగును. సూక్ష్మమైన మొక్కలను వెండిచేప, చిన్న పురుగులను పెద్దతల చేప వడగట్టి తినును. అడుగున నత్తలు నల్లచేపకు ఆహారమగును. ఒకరి ఎంగిలి మరియొకరికి విందు. ముత్యాలనది డెల్టాలోని రైతులు ఇంకొక మెట్టు పైకి పోయిరి. చెరువుగట్లపై మల్బరీ వేసి పట్టుపురుగులను పెంచిరి. పురుగుల పెంటను చెరువులో వేసిరి. చెరువు బురదను తీసి మరల మల్బరీకి ఎరువుగా వేసిరి. గట్టు చెరువును పోషించినది. చెరువు గట్టును పోషించినది.

అయితే ఈ కాపురమునకు ఒక లోటుండెను. చెరువులో ఎంత బాగుగ పెరిగినను గడ్డిచేప చెరువులో పిల్లలను పెట్టదు. వరదతో పొంగి పారు పెద్దనదియే దానికి పురిటిల్లు. అది నదిలో విడిచిన గ్రుడ్లు నీరు పీల్చి ఉబ్బి, ప్రవాహముతో కొట్టుకొనిపోవుచు, ఆ ప్రయాణములోనే పిల్లలగును. నిలకడనీటిలో గ్రుడ్లు అడుగున బడి చెడిపోవును. కావున ప్రతి సంవత్సరమును వరదకాలమున యాంగ్‌ట్సీ వంటి నదులనుండి వెంట్రుకవాసి పిల్లలను వలలతో పట్టి దూరదేశములకు మోయవలసి వచ్చెను.

ఆ మోత ఎట్టిదో 13వ శతాబ్దికి చెందిన చౌ మీ అను రచయిత వర్ణించెను. వెదురుతో అల్లి, లోపల లక్క పూసిన కాగితము అంటించిన తట్టలలో నీళ్ళుపోసి పిల్లలను ఉంచెడివారట. కావడివారు పగలంతయు పరుగెత్తుచు, రాత్రియు విశ్రమింపక, దారిలో నీటిని మార్చుచు పోవలెను. ఒకింతసేపు ఆగవలెనన్నను తట్టలను కదలించుటకు ఒక మనిషి ప్రత్యేకముగా ఉండవలెను. నీరు కదలనిచో పిల్లలు చచ్చును. ఇంతశ్రమపడి తెచ్చిన పిల్లలను ఎవరును వృథాగా వదలరు. లెక్కపెట్టి కొందురు, లెక్కపెట్టి వదలుదురు, పెరిగినవానిని లెక్కపెట్టి పట్టుదురు. చేప స్వభావమే దానికొక కళ్ళెమై యుండెను. చైనావారు మలయా, సయాము మొదలగు దేశములకు వలసపోయినప్పుడు ఈ పిల్లలు కూడ వారి వెంట పోయినవి. కాని అక్కడి చెరువులలోను అవి సంతతి పెట్టలేదు. ప్రతిసారియు పుట్టింటినుండియే తెప్పించుకొనవలసి వచ్చెను.

ఈ కళ్ళెమును విప్పినది 20వ శతాబ్ది. మెదడు క్రింద, ఎముకలోని చిన్న గుంటలో, పీనసగింజ అంతయు లేని పిట్యూటరీ అను గ్రంథి యున్నది. గ్రుడ్లు పక్వమై వెలువడుటకు ఆజ్ఞ ఇచ్చునది అదియే. ఒక చేప గ్రంథిని తీసి, నూరి, మరియొక చేపకు సూదిమందుగా ఎక్కించినచో, నది లేకయే నదిలో నున్నట్లు ఆ చేప శరీరము భావించును. ఈ మార్గమున మొదటి అడుగులు 1930 ప్రాంతమున అర్జెంటీనా, బ్రెజిల్ దేశములలో పడినవి. మన దేశములో 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె. హెచ్. అలికున్హి అను శాస్త్రజ్ఞులు మన దేశపు కార్ప్ చేపలచేత ఈ పద్ధతిని గ్రుడ్లు పెట్టించిరి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలకొరకు వరదనదులవెంట తిరుగవలసిన కష్టము తీరుటకు అది నాంది. ఆ దినమును నేడు జాతీయ మత్స్యరైతు దినముగా జరుపుకొనుచున్నారు. మరుసటి సంవత్సరమే, 1958లో, చైనాలో చుంగ్ లిన్ అను శాస్త్రజ్ఞుడు వెండిచేప, పెద్దతల చేపల విషయమున ఇట్టి విజయమునే పొందెను. గడ్డిచేప వంతు కూడ త్వరలోనే వచ్చెను.

గడ్డిచేప మన దేశమునకు 1959లో వచ్చినది. హాంగ్‌కాంగ్ నుండి తెచ్చిన పిల్లలను కటకమునందలి ప్రభుత్వ పరిశోధనా చెరువులలో పెంచిరి. ఆ యేడే వెండిచేప జపానునుండి వచ్చెను. మూడేండ్లలో ఆ పిల్లలు పెద్దవైనవి. 1962లో సూదిమందు సాయమున అవి అక్కడనే సంతతి నిచ్చెను. తట్టలలో ఊపుచు, పరుగుపరుగున మోసిన పిల్లలు ఇప్పుడు హేచరీలలో లక్షలకొలది పుట్టసాగినవి. 1971లో దేశములోని పలు రాష్ట్రములలో మిశ్రమ చేపల పెంపకముపై సమన్వయ పరిశోధన మొదలయ్యెను. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అను మన మూడింటికి వెండిచేప, గడ్డిచేప, బంగారుతీగ అను మూడింటిని జోడించి, ఒకే చెరువులో ఆరుజాతులను పెంచు పద్ధతి దానివలన ప్రచారములోనికి వచ్చెను. ముత్యాలనది రైతుల ఉమ్మడికాపురమే మన చెరువులకు కాపురమునకు వచ్చినదని చెప్పవచ్చును.

అదే కాలమున తక్కిన ప్రపంచము కూడ ఈ చేపను చూచి ఆశపడెను. కలుపును చంపుటకు మందులు చల్లినచో నీరు విషమగునని భయము. యంత్రములతో కోసినచో ఖర్చు. చేప యైనచో కూలి అడుగదు, పైగా తినుటకు పనికివచ్చును. తుర్క్‌మేనియా ఎడారిలో త్రవ్విన కారాకుమ్ కాలువ నీరు 1962లో అష్కాబాదు చేరెను. ఎడారి ఎండలో ఆ కాలువ నాచుతో క్రిక్కిరిసిపోగా సోవియట్ శాస్త్రజ్ఞులు గడ్డిచేపను అందులో ప్రవేశపెట్టిరి. చేప నాచును మేసెను. కాని ఎవరును ఊహింపనట్లు కాలువలో సంతతిని కూడ పెంచుకొనెను. వందల కిలోమీటర్ల పొడవున పారు ఆ కాలువ దానికి నదివలెనే తోచెను. పురిటిల్లు దొరికినది.

అమెరికాకు గడ్డిచేప 1963లో చేరెను. అక్కడి అలబామా, ఆర్కన్సా రాష్ట్రములలోని పరిశోధనా చెరువులలో మొదట పెంచిరి. కొంతకాలమునకే కొన్ని తప్పించుకొని బయటి నీళ్ళలో పడెను. పిమ్మట కొన్ని రాష్ట్రములు తామే చెరువులలో, జలాశయములలో వదలెను. మరికొన్ని రాష్ట్రములు దానిని తమ సరిహద్దులలో అడుగు పెట్టనీయరాదని చట్టము చేసెను. ఒకే చేపపై ఒకే దేశములో ఇట్లు రెండు తీర్పులు వచ్చెను.

ఇచ్చట మన దక్షిణదేశమునకు ఒక సంబంధమున్నది. అమెరికా జలాశయములను ముంచెత్తిన నాచు పేరు హైడ్రిల్లా. మన చెరువులలో మనకు చిరపరిచితమైన మొక్కయే. 1950 తరువాతి సంవత్సరములలో గాజుతొట్టెలలో అలంకారమునకై దానిని ఫ్లారిడాకు కొనిపోయిరి. తొట్టెనుండి కాలువకు, కాలువనుండి సరస్సులకు అది ప్రాకెను. మన నాచు అక్కడ శత్రువాయెను. దానిపైకి చైనా చేపను సేనగా పంపిరి.

ఆ యుద్ధము ఎట్లు ముగిసెనో టెక్సాస్‌లోని కాన్రో సరస్సు చరిత్ర చెప్పును. ఎనిమిదివేల హెక్టార్లకు పైబడిన ఆ జలాశయములో హైడ్రిల్లా విస్తరింపగా, 1981, 82 సంవత్సరములలో 2,70,000 గడ్డిచేపలను వదలిరి. 1983 ముగియకముందే నీటిలోపలి మొక్క యనునది మిగులలేదు. హైడ్రిల్లాతోపాటు తక్కిన మొక్కలును పోయినవి. నాచులో దాగి బ్రతుకు చిన్నచేపలకు నీడ లేకపోయెను. మొక్కలలో నిలువయున్న సారమంతయు చేపల కడుపులగుండ నీటిలో కలిసి, సూక్ష్మమైన శైవలములు పెరిగి, నీటి తేటదనము తగ్గెను. గడ్డిచేప సగము తిని సగము విడుచునని చెప్పియుంటిమి కదా. పెంపుడు చెరువులో వరమైన గుణమే అక్కడ చేటాయెను. ఇంతచేసినను హైడ్రిల్లా దుంపలు బురదలో నిదురించి, చేపలు తగ్గిన పిమ్మట 1996లో మరల తలయెత్తెను.

ఇది పరదేశమున పరాయిచేప చేసిన పని యని అనుకొనరాదు. చైనాలోనే, యాంగ్‌ట్సీ తీరపు వూహాన్ నగరమున, తూంగ్ హూ అను సరస్సున్నది. చేపల దిగుబడి పెంచవలెనని 1970 తరువాతి సంవత్సరములలో అందులో గడ్డిచేపలను విస్తారముగా వదలిరి. కొద్దికాలములోనే సరస్సు అడుగున దట్టముగా పెరిగిన మొక్కలు నశించెను. యుగములుగా ఈ చేపయు ఈ మొక్కలును ఆ నదీప్రాంతమున కలిసియే బ్రతికినవి. నది తానిచ్చిన లెక్కలో ఉన్నంతవరకు ఒకదానిని మరియొకటి రూపుమాపలేదు. హేచరీ లెక్క వచ్చినప్పుడు ఆ సమతూకము తప్పినది.

అప్పుడు శాస్త్రజ్ఞులు వెనుకకు తిరిగి చూచిరి. ఇరువది సంవత్సరములక్రితము ఈ చేపచేత పిల్లలు పెట్టించుటకు ఎంత తపించిరో, ఇప్పుడు పిల్లలు పెట్టకుండ చేయుటకు అంత తపించిరి. ఆర్కన్సాలోని ఒక చేపలక్షేత్రమువారు 1983లో సంతానము లేని గడ్డిచేపను అమ్మకమునకు తెచ్చిరి. ఫలించిన గ్రుడ్లను కొన్ని నిముషములలోనే గొప్ప ఒత్తిడికో, ఉష్ణోగ్రతలో ఆకస్మికమైన మార్పునకో గురిచేసినచో, పిల్లకు క్రోమోసోముల జతలో రెండు వరుసలకు బదులు మూడు వరుసలు వచ్చును. మామూలు గడ్డిచేపకు 48 క్రోమోసోములు, దీనికి 72. అట్టి చేప గడ్డి మేయును, పెరుగును. కాని సంతానము కనలేదు. ఎన్ని గ్రుడ్లు మారినవో, ఎన్ని మారలేదో పైకి తెలియదు గనుక, ఒక్కొక్క చేపనుండి రక్తపుబొట్టు తీసి కణముల కేంద్రక పరిమాణమును కొలిచి నిర్ధారింపవలెను. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ కాలువలకు హైడ్రిల్లా సోకినప్పుడు ఇట్టి చేపలనే వినియోగించి ఆ పీడను అణచిరి.

ఈ జాగ్రత్త కొంత ఆలస్యమైనది. అంతకుముందు వదలిన చేపలు, తరువాత చాటుగా వచ్చిన చేపలు నదులలో కలిసిపోయినవి. 2012లో అమెరికాలోని ఈరీ సరస్సులో కలియు సాండస్కీ నదిలో నాలుగు గడ్డిచేపలు దొరికెను. వాని చెవులలోని సన్నని రాళ్ళలో నిక్షిప్తమైన రసాయన గుర్తులను పరీక్షించి, అవి ఆ పరిసరపు నీటిలోనే పుట్టినవని 2013లో ప్రకటించిరి. 2015లో ఆ నదిలో గ్రుడ్లును కనబడెను. మనుష్యుడు పిలిచిన పనివాడు ఇల్లు కట్టుకొని సంసారము చేయ మొదలిడెను.

ఇప్పుడు మన ఊరి చెరువు గట్టునకు మరల వత్తము. మొదటి ప్రశ్న, వదలునా యనునది. ఏ కలుపు అని ముందుగా చూడవలెను. హైడ్రిల్లా వంటి మెత్తని నాచులను, నీటిపై తేలు సన్నని ఆకులను గడ్డిచేప ఇష్టముగా మేయును. గుర్రపుడెక్కను, అంతరతామరను అది ముట్టుట అరుదు. కొల్లేటి అంచులను, డెల్టా కాలువలను పచ్చని దుప్పటివలె కప్పుచున్న గుర్రపుడెక్క మన దేశపుది కాదు. దక్షిణ అమెరికానుండి, పువ్వు అందముగా నున్నదని తెచ్చినది. దానికి ఈ చేప మందు కాదు. అట్టిచోట డబ్బుపోసి పిల్లలను కొనుట వృథా. మనుష్యులో, యంత్రములో దానిని లాగవలసినదే.

రెండవది, ఏ చెరువు అని చూడవలెను. చేపలు పెంచుకొను చెరువులో నాచు తొలగి నీరు ఎరువెక్కి పచ్చబడిన లాభమే. వెండిచేప, బొచ్చె బాగుగ పెరుగును. కాని ఊరంతయు త్రాగు నీటిచెరువులో ఆ పచ్చదనమే పీడయగును. కొరమీను విస్తారముగా నున్న చెరువులో వేలెడు పిల్లలను వదలుట కొరమీనుకు విందు చేయుటయే. జానెడు దాటిన పిల్లలు కావలెను.

మూడవది, చెరువు అలుగు. గడ్డిచేప వల దగ్గరకు రాగానే ఎగిరి దాటు స్వభావము కలది. వానకాలమున అలుగు పారినచో నీటితోపాటు వాగులోనికి, వాగునుండి నదిలోనికి దిగిపోవును. మన నదులును వరదలతో పొంగునవియే. అలుగునకు, తూమునకు గట్టి జల్లెడ బిగింపనిదే పిల్లలను తేరాదు. నదులలో, పెద్ద జలాశయములలో ఎవరికి వారు వదలుట మంచిది కాదు. మత్స్యశాఖవారి సలహా తీసికొనవలెను.

ఒక్క ఊరు తన చెరువులో ఏమి వదలినను అది ఆ ఊరితో ఆగదు. దిగువ ఊరి చెరువునకు, దాని దిగువ వాగునకు కూడ అది చేరును. పిల్లలు మోయు తట్టను రాత్రింబగళ్ళు ఊపవలసి వచ్చిన దినములలో చేపయే మనకు హద్దు చెప్పెడిది. నేడు ఫోనులో అడిగిన మరునాడు ప్లాస్టిక్ సంచిలో ప్రాణవాయువు నింపి, వేలకొలది పిల్లలను ఇంటికి చేర్చుచున్నారు. హద్దు చెప్పవలసినవారము మనమే యైతిమి.

కావున పిల్లల సంచి విప్పుటకు ముందే పంచాయతీవారు, చెరువు పాటపాడినవారు, జాలరులు ఒకచోట కూర్చుండి మూడు మాటలు తేల్చుకొనవలెనని మా మనవి. ఎన్ని వదలుదుము? ఎక్కడ ఆపుదుము? ఎప్పుడు పట్టుదుము? క్వాంగ్‌టుంగ్ కొండరైతునకు సూక్ష్మదర్శిని లేదు, సూదిమందు లేదు. కాని చేపను మడిలో వదలిననాడే, దానిని ఏనాడు పట్టవలెనో ఆతడెరిగి యుండెను. వరినారు చేతబట్టుకొని ఆతడు మడిలో దిగుసరికి ఆ మడిలో ఒక్క చేపయు లేదు.